పిల్లల హోములో సేవకు కెన్యా వెళ్ళాలా, గుంటూరులోనే ఉండాలా?

పోయిన నెల యూత్ మీటింగ్ అయ్యాక ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. “అక్కా, మే నెలలో కెన్యా టీమ్‌కి పేర్లు తీసుకుంటున్నారు. అనాథ పిల్లల హోములో మూడు వారాల పరిచర్య. లక్షా ముప్పై వేలు కట్టాలట. వెళ్ళమంటావా?” వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వద్దంటే దేవుని పనికి అడ్డుపడినట్టు ఉంటుంది, వెళ్ళమంటే తెలిసీ చెప్పనట్టు ఉంటుంది. ఆ రోజు నోటితో చెప్పలేనిది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఈ విషయంలో నేను రెండు వైపులా ఉన్నాను. మా నాన్న చిన్నప్పుడే పోయారు. అమ్మ గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఇంట్లో పూట గడవక, ఏడేళ్ళ వయసులో నన్ను ఊరి చివరి హోములో చేర్చింది. పదో తరగతి దాకా అక్కడే ఉన్నాను. నెలకో ఆదివారం అమ్మ వచ్చేది. గోరుచుట్టు నుంచి మోచేతి దాకా మిర్చి ఘాటు; నా ముఖం పట్టుకోబోయి మంటపుడుతుందని చేతులు వెనక్కి తీసుకునేది. అయినా చలికాలంలో విదేశీ అతిథులు వచ్చినప్పుడు మా అందరినీ “ఆర్ఫన్స్” అనే పరిచయం చేసేవాళ్ళు. అమ్మ గురించి అడిగితే ఏం చెప్పకూడదో కూడా ముందే నేర్పేవాళ్ళు. పెద్దయ్యాక నేనే ఒక టీమ్‌తో కెన్యా వెళ్ళి, పద్దెనిమిది రోజులు ఒక హోములో ఉండి వచ్చాను. దండ వేసిన పిల్లా నేనే, దండ వేయించుకున్న అతిథీ నేనే.

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ ముందు మామూలుగా నాలుగు దారులుంటాయి. సంఘం టీమ్‌తో రెండు మూడు వారాలు విదేశంలోని హోముకు వెళ్ళిరావడం మొదటిది. చేతిలో ఒక పని ఉన్నవాళ్ళు ఆరు నెలలో ఏడాదో అక్కడే ఉండిపోవడం రెండోది. విజయవాడ, గుంటూరుల్లోని హోముకు ఏడాది పొడవునా వారం వారం వెళ్ళడం మూడోది. ఇక నాలుగోది, పిల్లలు హోముకు రావలసిన అవసరమే పడకుండా వాళ్ళ ఇంటిని నిలబెట్టడం. ఈ నాలుగోదానిలో ఫొటోలుండవు, సాక్ష్యం చెప్పడానికి కథ కూడా పెద్దగా ఉండదు. అందుకే ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు.

దేనితో తూచాలి

చాలామంది ముందు ఖర్చు చూస్తారు, తర్వాత దేశం చూస్తారు. నేను మొదట చూడమనేది వీడ్కోళ్ళ లెక్క.

ఒక హోముకు ఏడాదిలో పది టీములు వస్తే, అక్కడి ఐదేళ్ళ పాప పదిసార్లు కొత్తవాళ్ళకు అలవాటుపడి పదిసార్లు వదులుకుంటుంది. మొదటి రోజే పరిగెత్తుకొచ్చి ఒళ్ళో కూర్చునే పాపను చూసి “ఎంత ప్రేమో!” అని కరిగిపోతాం. ఇంట్లో పెరిగే ఐదేళ్ళ పిల్ల కొత్త మనిషిని చూస్తే అమ్మ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుంటుంది. ఆ బెరుకు ఆ వయసుకు ఉండాల్సిందే. ఎవరు పడితే వాళ్ళ ఒళ్ళోకి ఎక్కేస్తోందంటే, తనకంటూ నిలకడగా ఒక మనిషి దొరకలేదేమోనని అనుమానించాలి. రుమేనియాలో 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనంలో, హోముల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగతా సగం మందితో పోల్చి ఏళ్ళ తరబడి గమనించారు. కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లలు, అందులోనూ రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవాళ్ళు, తెలివితేటల్లోనూ మనుషులతో బంధం కట్టుకోవడంలోనూ మెరుగ్గా ఎదిగారు. షిఫ్టుల మీద వచ్చే ఆయమ్మలే ఆ లోటు పూడ్చలేకపోతుంటే, సెలవు పెట్టుకొచ్చిన మనం ఏం పూడుస్తాం?

రెండో కొలత: ఆ పిల్లలు హోములో ఎందుకున్నారు? కంబోడియాలో యూనిసెఫ్ లెక్క ప్రకారం హోముల్లో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. నేపాల్‌లో హోములు ఎక్కువగా ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్, కాస్కి, చిత్వన్ జిల్లాల్లో ఉన్నాయి. పేదరికం అక్కడే ఎక్కువని కాదు, విదేశీయులు తిరిగేది అక్కడ. వలంటీర్లు, చందాలు వచ్చేకొద్దీ మంచాలు పెరిగాయి. మంచాలు నింపడానికి ఊళ్ళ నుంచి పిల్లల్ని తెచ్చే బ్రోకర్లు తయారయ్యారు. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ చేసిన తీర్మానం ఈ అనాథాశ్రమ పర్యాటకం గురించే ప్రత్యేకంగా హెచ్చరించింది.

మిషన్ ట్రిప్ ప్రసంగంలో యాకోబు పత్రిక 1:27 తప్పకుండా వినిపిస్తుంది, దిక్కులేని పిల్లల్ని పరామర్శించమని. ఆ వాక్యంలో పిల్లల పక్కనే విధవరాండ్రు కూడా ఉన్నారు. అంటే బిడ్డతో పాటు తల్లి కూడా ఉంది. మనం తల్లిని వదిలేసి బిడ్డను మాత్రమే పరామర్శించడం ఎప్పుడు నేర్చుకున్నామో నాకు అర్థం కాదు.

ఇక మూడోది పని, భాష. “పిల్లలతో ఆడుకుంటాను” అనేది పని కాదు. స్వాహిలీ రాకుండా కెన్యా పాపకు ధైర్యం చెప్పలేం, నేపాలీ రాకుండా ఖాట్మండులో హోంవర్క్ చేయించలేం. నాలుగోది డబ్బు, దాని లెక్క కింద చెబుతాను.

ఐదోది కాగితాలు. దీన్ని మనవాళ్ళు విశ్వాసలోపంగా చూస్తారు. “అయ్యగారు నడిపే హోము, అడిగితే ఏం బాగుంటుంది?” అంటారు. అడగాలి. మన దేశంలో అయితే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద ప్రతి పిల్లల హోమూ రిజిస్టర్ కావాలి, ఆ రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకు ఇస్తారు. లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. పిల్లలు బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో వచ్చారా, నేరుగా చేర్చుకున్నారా అన్నది రెండో ప్రశ్న. విదేశంలో అయినా ఇవే అడగండి: ఏ చట్టం కింద రిజిస్టర్ అయింది, పిల్లల్ని ఇక్కడ ఉంచమని ఎవరు చెప్పారు, తిరిగి ఇళ్ళకు పంపిన పిల్లలెందరు? ఆఖరి ప్రశ్నకు జవాబు “ఒక్కరూ లేరు” అయితే అక్కడ ఆగిపోండి.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. హోమువాళ్ళు మిమ్మల్ని ఏం అడిగారు? పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, ఇద్దరు తెలిసినవాళ్ళ సిఫారసు, ఫోన్‌లో ఇంటర్వ్యూ, ఇవేవీ అడగకుండా “రండి, స్వాగతం” అన్నారంటే అది మర్యాద అనుకోకండి. మిమ్మల్ని అలా రానిచ్చినవాళ్ళు ఎవరినైనా అలాగే రానిస్తారు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవలో 500 రూపాయలు కడితే వస్తుంది.

మూడు వారాల టీమ్

నా అనుభవం ముందు చెబుతాను. మేము ఐదు రోజుల వీబీఎస్‌కి (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ స్కూల్) పాటలు, బొమ్మలు, రంగు కాగితాలు అన్నీ విజయవాడ వన్‌టౌన్‌లో కొని సూట్‌కేసుల్లో సర్దుకుని వెళ్ళాం. మొదటి రోజు నేను యాక్షన్ సాంగ్ మొదలుపెట్టేసరికి పిల్లలు నాకంటే ముందే చేతులు తిప్పేశారు. ఆ నెలలో మాది మూడో వీబీఎస్ అట. పిల్లలు మాకోసం ఓపిగ్గా మళ్ళీ నేర్చుకున్నట్టు నటించారు. ఆ నటన నాకు బాగా తెలుసు, మేమూ గుంటూరులో అదే చేసేవాళ్ళం.

ఆరేళ్ళ పాప ఒకతి నన్ను వదలకుండా తిరిగేది. పదో రోజున వంటామె చెప్పింది, ఆ పాప తల్లి పక్క ఊరి సంతలో సుకుమా వికీ అమ్ముతుందని. మన తోటకూర కట్టల్లా కట్టి అమ్మే ఆకుకూర అది. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. బయల్దేరే రోజు ఆ పాప వీడ్కోలుకు రాలేదు. వెతికితే నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని ఉంది. పిలిస్తే నా వైపు చూడలేదు.

అలాగని ఈ దారిలో మంచి లేదని చెప్పను. వెళ్ళొచ్చినవాళ్ళ కళ్ళు తెరుచుకుంటాయి. కొందరి జీవితం నిజంగానే మారుతుంది. కానీ అది మీకు జరిగిన మేలు. దాని ఖర్చు మాత్రం ఆ పిల్లల మీద పడుతుంది. కెన్యా ప్రభుత్వమే 2017లో కొత్త పిల్లల హోముల రిజిస్ట్రేషన్ ఆపేసింది. పిల్లల్ని హోముల నుంచి కుటుంబాల్లోకి మార్చడానికి 2022 నుంచి 2032 దాకా ప్రణాళిక పెట్టుకుంది. రువాండా అంతకు పదేళ్ళ ముందే, 2012లో, ఆ దారి పట్టింది. ఆ దేశాలు హోములు తగ్గించుకుంటుంటే మనం టికెట్లు కొనుక్కుని వాటిని నింపడానికి వెళ్తే ఎలా?

ఒక మాట బయటికి ఎవరూ అనరు గానీ, పాస్‌పోర్టులో ఒక స్టాంపు పడితే రేపు అమెరికా వీసాకి పనికొస్తుందని వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. స్టాంపు కావాలంటే సింగపూర్ వెళ్ళి చూసి రండి. అందులో తప్పేమీ లేదు, పిల్లల్ని మధ్యలోకి లాగకండి.

వెళ్ళినా ఫరవాలేదు అనదగ్గ టీములూ కొన్ని ఉన్నాయి. పిల్లల గదుల్లోకి పోకుండా ఆయమ్మలకు, వార్డెన్లకు శిక్షణ ఇచ్చేవి. బోరు, కరెంటు, లెక్కల పుస్తకాలు సరిచేసి వచ్చేవి. పిల్లలు బడిలో ఉన్న వేళల్లోనే పని పెట్టుకునేవి. మీ టీమ్ రోజువారీ టైంటేబుల్ ముందే అడిగి చూడండి. అందులో “పిల్లలతో సమయం” ఎన్ని గంటలుందో, “సిబ్బందితో” ఎన్ని గంటలుందో లెక్కపెడితే విషయం తెలిసిపోతుంది.

ఆరు నెలలు, ఏడాది, అంతకు మించి

గుంటూరుకు మిషనరీలు ఎలా వచ్చారో ఇక్కడి క్రైస్తవులకు చెప్పనక్కర్లేదు. ఫాదర్ హయ్యర్ 1842లో వచ్చాడు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, ఆసుపత్రి కట్టించి, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. నలభై ఏడేళ్ళ పరిచర్య ఆమెది. ఆమె పేరు ఊరికి గుర్తుండటానికి వైద్యం ఒక కారణం, వెళ్ళిపోకపోవడం ఇంకో కారణం.

మీకు అన్నేళ్ళు అవసరం లేదు. కానీ ఈ దారి చేతిలో పని ఉన్నవాళ్ళకే. నర్సింగ్, ఫిజియోథెరపీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడం, అకౌంట్స్ లాంటి పనులు. వెళ్ళేది అక్కడివాళ్ళకు ఆ పని నేర్పడానికి అన్నది ముందే ఒప్పుకుని వెళ్ళండి. మొదటి మూడు నెలలు భాషకే పోతాయి, దాన్ని వృథా అనుకోకండి.

కొన్ని పట్టింపులున్నాయి. టూరిస్టుగా వెళ్ళి పని చేయడం, జీతం లేకపోయినా సరే, చాలా దేశాల్లో నిబంధనలకు విరుద్ధం. ఏ అనుమతి మీద రావాలో పిలిచే సంస్థనే రాతపూర్వకంగా అడగండి. నేపాల్‌కి మనకు వీసా అక్కర్లేదు, చర్చిల్లో ఆరాధన ఎక్కువగా శనివారం జరుగుతుంది, అంతా ఇంటి పక్కన ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న వాళ్ళ శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పిస్తే ఐదేళ్ళ దాకా జైలు, విదేశీయులైతే దేశం నుంచి పంపించేస్తారు. హోము పిల్లలకు సువార్త చెప్పడం మీ ఉద్దేశమైతే, మీరు విమానం ఎక్కి వచ్చేశాక ఆ కేసు ఎదుర్కోవలసింది అక్కడి పాస్టరమ్మా వార్డెనూ.

కెన్యా, ఉగాండా వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోకండి. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

అనుభవం ఉన్న నర్సులు హోములను పక్కనపెట్టి మెర్సీ షిప్స్ లాంటి ఆసుపత్రి ఓడలను కూడా చూడండి. అక్కడ వలంటీర్లు తమ ఖర్చు తామే పెట్టుకోవాలి, కానీ మీ చదువుకు తగిన పని ఉంటుంది, ఆపరేషన్ అయిన పాప అమ్మతో ఇంటికి వెళ్తుంది.

మన ఊళ్ళోనే, వారం వారం

గుంటూరు, విజయవాడ హోముల్లో డిసెంబరు ఎలా ఉంటుందో చూడండి. మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. పొద్దున ఒక సంఘం కేక్, మధ్యాహ్నం ఒక కంపెనీ బిర్యానీ, సాయంత్రం ఒక కాలేజీ దుప్పట్లు. ఒకే రోజు మూడు బిర్యానీలు తిని రాత్రంతా కడుపునొప్పితో ఏడ్చిన తమ్ముళ్ళు మా హోములో ఉండేవాళ్ళు. ఇక పుట్టినరోజులు. ఎవరో తెలియని బాబు మొదటి పుట్టినరోజని మేమంతా వరసగా నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళం, వాళ్ళు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మా పుట్టినరోజులు ఎప్పుడో అడిగినవాళ్ళు నాకు గుర్తులేరు. జూన్‌లో నోటు పుస్తకాలు కావలసినప్పుడు ఆవరణ ఖాళీ.

కాబట్టి ఊళ్ళో ఉన్నంత మాత్రాన మంచి సేవ అయిపోదు. ఒకసారి వచ్చిపోయే సేవ కెన్యాలో ఎంత చెడ్డదో బ్రాడీపేటలో అంతే చెడ్డది. తేడా ఏమిటంటే, ఇక్కడ మీరు మళ్ళీ మళ్ళీ రాగలరు. భాష వచ్చు, బస్సు చార్జీ చాలు, కాగితాలు ఎవర్ని అడగాలో తెలుసు.

చేయదగ్గ పనులు చాలా ఉన్నాయి. పదో తరగతి పిల్లలకు శనివారం లెక్కలు. జ్వరమొస్తే పెద్దాసుపత్రి ఓపీలో క్యూలో నిలబడటం. ఆధార్‌లో పేరు తప్పు పడితే సచివాలయం చుట్టూ తిరగడం. అన్నిటికంటే కరువున్నది పద్దెనిమిదేళ్ళు నిండి బయటికి వచ్చేసేవాళ్ళకు. జువెనైల్ జస్టిస్ చట్టంలో 46వ సెక్షన్ వాళ్ళకు ఇరవై ఒక్క ఏళ్ళ దాకా అండగా ఉండమంటుంది. కానీ పాలిటెక్నిక్ ఫారం నింపడం, అద్దె గది వెతకడం, మొదటి జీతం వచ్చాక బ్యాంకు ఖాతా చూపించడం, ఇవన్నీ ఎవరో ఒక అన్నో అక్కో ఉంటేనే జరుగుతాయి. నేను హోము నుంచి బయటికి వచ్చినప్పుడు నాకు అలాంటి అక్క ఒకామె దొరికింది. హోము గేటు దగ్గర వదిలేయకుండా నాతో పాటు హాస్టల్ దాకా వచ్చింది. ఆమె ఎప్పుడూ విదేశం వెళ్ళలేదు.

విజయవాడలో చూడదగ్గ పనులూ ఉన్నాయి. పెద్ద జంక్షన్ కావడంతో ఇల్లు వదిలి పారిపోయిన పిల్లలు ఇక్కడ రైలు దిగుతుంటారు. సలేషియన్ అనే కాథలిక్ సభ ఫాదర్లు నడిపే నవజీవన్ బాల భవన్ 1989 నుంచి ఆ పిల్లల మధ్య పనిచేస్తోంది. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుటుంబం నుంచి వచ్చిన వాసవ్య మహిళా మండలి 1969 నుంచి మహిళలు, పిల్లలతో పనిచేస్తోంది. ఒకే ఊళ్ళో ఫాదర్లూ నాస్తికులూ పిల్లల కోసమే పనిచేస్తున్నారు. అది నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఫొటోల గురించి ఒక్కమాట. హోము పిల్లల గుర్తింపు బయటపెట్టడం అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే సెల్ఫీ చిన్న విషయం అనుకోకండి.

హోము అవసరమే పడకుండా

జార్జ్ ముల్లర్ కథ మన సండే స్కూల్ పిల్లలందరికీ తెలుసు. 1836లో బ్రిస్టల్‌లో ఒక అద్దె ఇంట్లో మొదలై వేలమంది అనాథలకు నీడనిచ్చిన పని. ప్రసంగాల్లో వినిపించనిది దాని తర్వాతి భాగం. ఆయన పేరు మీద నడిచిన సంస్థే 1950ల చివరికి ఆ పెద్ద భవనాలు వదిలేసి చిన్న కుటుంబ గృహాలకు మారింది.

ఇప్పుడు డబ్బు లెక్క. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద, భర్త పోయిన తల్లి లాంటి వాళ్ళు బిడ్డను ఇంట్లోనే పెంచుకోవడానికి ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో. దీనికి తోడు ఎన్టీఆర్ భరోసా వితంతు పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 4,000. మా అమ్మకు ఆ రోజుల్లో ఈ రెండూ ఉండి ఉంటే నేను హోము గడప తొక్కేదాన్ని కాదు. ఆ తమ్ముడు కట్టబోయే లక్షా ముప్పై వేలను నెలకు నాలుగు వేల చొప్పున పంచితే ముప్పై రెండు నెలలు వస్తుంది. అంటే ఒక పిల్ల రెండేళ్ళ ఎనిమిది నెలలు అమ్మ దగ్గరే ఉండొచ్చు.

డబ్బు లేకపోయినా పని ఉంది. ఈ పథకాలకు అర్హత ఉండీ తెలియనివాళ్ళు మీ సంఘంలోనే ఉంటారు. ఆదాయ ధ్రువపత్రం, భర్త మరణ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు చేతబట్టుకుని ఒక తల్లితో పాటు కలెక్టరేట్‌కి నాలుగు సార్లు తిరగడం కూడా పరిచర్యే. ముప్పై ఐదు దాటినవాళ్ళు, భార్యాభర్తలైనా ఒంటరివాళ్ళైనా, 2024 మార్గదర్శకాల ప్రకారం ఫోస్టర్ కేర్‌కు, అంటే దత్తత కాకుండా ఒక బిడ్డను తమ ఇంట్లో ఉంచి పెంచడానికి కూడా దరఖాస్తు చేయొచ్చు. అది పెద్ద నిర్ణయం, దాని గురించి విడిగా రాయాలి.

ఒకచోట పెట్టి చూస్తే

| | మూడు వారాల టీమ్ | ఏడాది, పనితో | మన ఊళ్ళో వారం వారం | ఇంటిని నిలబెట్టడం |
|---|---|---|---|---|
| పిల్లలకు వీడ్కోళ్ళు | చాలా ఎక్కువ | సిబ్బందితో పనిచేస్తే తక్కువ | మానేయకపోతే లేవు | అసలు లేవు |
| భాష | రాదు | నేర్చుకోవాలి | వచ్చు | వచ్చు |
| ఖర్చు | లక్ష పైమాటే | నెలనెలా మద్దతు కావాలి | బస్సు చార్జీ | మీరు ఇవ్వగలిగినంత |
| కాగితాలు పరిశీలించడం | కష్టం | వీలవుతుంది | తేలిక | అవసరం తక్కువ |
| మీకు దక్కేది | కొత్త లోకం | పని, పరీక్ష | ఓపిక | పేరు రాదు |
| నా ఓటు | వద్దు, కొన్ని తప్ప | పని చేతిలో ఉంటే సరే | ఎక్కువమందికి ఇదే | డబ్బున్నవాళ్ళకు ఇదే |

మీరు ఎవరన్నదాన్ని బట్టి

బీటెక్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఒక ఏడాది మీ దగ్గరి హోముకు యాభై రెండు శనివారాల్లో నలభై శనివారాలు వెళ్ళండి. వెళ్ళగలిగితే ఆ తర్వాత విదేశం గురించి మాట్లాడుకుందాం. ఆరో వారానికే క్రికెట్ మ్యాచో ఇంటర్నల్స్ టెన్షనో వచ్చి మానేస్తే, కెన్యా పిల్లలు ఒక వీడ్కోలు తప్పించుకున్నట్టు.

నర్సింగ్ పూర్తిచేసినవాళ్ళకు రెండో దారి నిజంగా తెరిచి ఉంది. మీ చేతుల్లో ఉన్న పని ఎక్కడైనా చెల్లుతుంది. రెండేళ్ళు ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసి, ఆ తర్వాత వెళ్ళండి.

రిటైరైన టీచర్లు, హెడ్‌మాస్టర్లు, మాలాంటి పిల్లలకు మీకంటే పనికొచ్చేవాళ్ళు లేరు. మీకు సమయం ఉంది, అధికారులతో మాట్లాడే గొంతు ఉంది, పదో తరగతి సోషల్ నోట్స్ ఇంకా కంఠతా ఉంటుంది. పోలీస్ వెరిఫికేషన్ చేయించుకుని, మీ ఇంటికి దగ్గర్లో ఉన్న రిజిస్టరైన హోము తలుపు తట్టండి.

పాస్టర్‌గారూ, మీకు కొంచెం ఎక్కువ చెప్పాలి. టీమ్ పంపేది మీరు. విదేశీ హోముకు డబ్బు పంపే సంఘం కూడా మీదే. ఆ హోమును రెండే అడగండి: “ఇళ్ళకు తిరిగి పంపే ప్రణాళిక ఉందా? మా టీమ్ పిల్లల గదుల్లోకి వెళ్ళకుండా చేయదగ్గ పని ఏమైనా ఉందా?” రెండిటికీ జవాబు రాకపోతే, అదే డబ్బు మీ సంఘంలోని విధవరాండ్ర పిల్లల ఫీజులకు పెట్టండి. టీమ్‌లో చేరిన కుర్రవాళ్ళు నిరాశపడతారు. ఓ ఇద్దరు వేరే సంఘానికి పోతారు కూడా. పోనీయండి.

టికెట్ ఇప్పటికే కొనేసి ఉంటే

కొందరికి ఇది ఆలస్యంగా చేరుతుంది. డబ్బు కట్టేశారు, సెలవు పెట్టేశారు, సంఘంలో పాస్టరమ్మగారు ప్రార్థన మనవి కూడా చదివేశారు. అప్పుడు వెళ్ళండి, కానీ వెళ్ళే తీరు మార్చుకోండి. మీ టీమ్ లీడరుతో మాట్లాడి, పిల్లల పనిని వీలైనంత తగ్గించి సిబ్బంది పనిని పెంచమనండి. మూడేళ్ళలోపు పిల్లల్ని ఎత్తుకునే డ్యూటీ మీకు వద్దనండి. ఏ పిల్లతోనూ గదిలో ఒంటరిగా ఉండకండి, పక్కన ఇంకో పెద్దమనిషి ఉండాలి. ఫోన్ సంచిలోనే ఉంచండి. చాక్లెట్లు, బొమ్మలు నేరుగా పిల్లల చేతికి ఇవ్వకుండా ఆయమ్మలకు ఇవ్వండి, పంచేది వాళ్ళైతే రేపు కూడా అడగడానికి వాళ్ళుంటారు. ఎవరికీ “మళ్ళీ వస్తాను” అని మాట ఇవ్వకండి.

మొదటి రోజే, వార్డెన్‌తో వాళ్ళ భాషలో చెప్పించి, మీరు ఏ రోజున వెళ్ళిపోతారో పిల్లలకు తెలియనివ్వండి. గోడ మీద క్యాలెండర్ ఉంటే ఆ తేదీ చుట్టూ గీత గీయండి. నాతో వచ్చిన టీమ్‌లో ఎవరమూ అది చేయలేదు. పద్దెనిమిదో రోజు పొద్దున వ్యాన్ వచ్చి నిలబడ్డాకే పిల్లలకు తెలిసింది.